నాన్న నవ్విన కథ

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మనవరాలిని ఖమ్మంలో మా వీధి చివరి గ్రంథాలయానికి తీసుకువెళ్ళాను. చదువుకోవాలని కాదు. కరెంటు పోయి ఇంట్లో ఉండలేక, అక్కడైతే ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుందని వెళ్ళాం. అది ఒక పాత హాస్యకథల పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పిందో లేదో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోవడం మొదలుపెట్టింది. పేపర్లు చదువుకుంటున్న పెద్దవాళ్ళు తలలెత్తి చూశారు. "ఏంటే?" అంటే పుస్తకం నా ఒళ్ళో పడేసింది. చదివాను. మళ్ళీ చదివాను.

"ఇందులో నవ్వడానికేముందే? పాపం కదా ఆ మనిషి!" అన్నాను.

అన్నాక గానీ తట్టలేదు. ఆ మాట నాది కాదు, మా అమ్మది. గొంతు కూడా అమ్మదే.

అప్పట్లో మేము భద్రాచలం దాటి చర్ల వైపు పోయే దారిలో, అడవి అంచునున్న ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న కోస్తా నుంచి వచ్చి అక్కడ భూమి కౌలుకు తీసుకుని మిరప వేశాడు. మా ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి కళ్ళంలో ఎండే మిరపకాయల ఘాటు. ఎవరు వచ్చినా ముందు తుమ్మి తర్వాత పలకరించేవారు. రెండోది మలేరియా వాళ్ళు గోడలకు కొట్టిపోయే మందు వాసన. గోడల నిండా తెల్లటి చారలు. గోడకు ఆనుకుని కూర్చుంటే వీపుకు అంటేది, అమ్మ కేకలేసేది. అయినా దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒక వానాకాలంలో మా తమ్ముడు పోయాడు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు కూడా. అమ్మ వండేది, నాన్న తినేవాడు, నేను బడికి పోయేదాన్ని. రేడియో మీద అమ్మ ఒక గుడ్డ కప్పింది. పనిపిల్లలెవరైనా వాకిట్లో గట్టిగా నవ్వితే లోపలి నుంచి గిన్నె చప్పుడయ్యేది. అది వాళ్ళను మానమని చెప్పడమే.

చలికాలం వచ్చేసరికి నాన్న సాయంత్రాలు కనిపించకుండా పోవడం మొదలైంది. చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చొక్కా మార్చుకుని వెళ్ళిపోయేవాడు. దీపాలు పెట్టాక గానీ వచ్చేవాడు కాదు. "ఎక్కడికి?" అని అమ్మ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఊరి చివర ఇప్పసారా కాచే గుడిసెలున్నాయి. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఇంకెక్కడికి పోతాడని అమ్మ అనుకుని ఉంటుంది.

ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, చెయ్యి పట్టుకుని, "మీ నాన్న వెనకాలే వెళ్ళి చూసి రా. నేను పంపానని చెప్పకు" అంది.

వెళ్ళాను. నాన్న సారా గుడిసెల వైపు తిరిగే మలుపు దగ్గర ఆగకుండా ముందుకు పోయాడు. టీ కొట్టు కూడా దాటాడు. చివరికి గ్రంథాలయం మెట్లెక్కాడు. గ్రంథాలయమంటే పెద్దదేం కాదు. ఎప్పుడో ధాన్యం దాచిన పెంకుటిల్లు. లోపల గాజు తలుపుల బీరువాలు, ఒక బల్ల, రెండు బెంచీలు. గోడ మీద "నిశ్శబ్దము" అని రాసిన చెక్క. బస్సులో మర్నాటికి వచ్చే పేపరు కోసం టీచర్లు పొద్దున ఒకసారి వచ్చేవాళ్ళు. సాయంత్రాలు ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

కిటికీలోంచి తొంగి చూశాను. నాన్న నాకు వీపు పెట్టి, బల్ల మీదికి వంగి కూర్చున్నాడు. భుజాలు అదురుతున్నాయి. మెడ కూడా. తమ్ముడికి జ్వరం వచ్చిన మొదటి రోజు వాడు అచ్చం అలాగే వణికాడు. దుప్పట్లు ఎన్ని కప్పినా ఆగలేదు. నాన్నకు కూడా చలిజ్వరం వచ్చిందనుకుని అరవబోయాను. అంతలో ఆయన తల వెనక్కి వాల్చాడు. అప్పుడు వినిపించింది. నవ్వు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ పుస్తకంలోకి చూసి, మళ్ళీ నవ్వుతున్నాడు.

ఇంటికి పరుగెత్తాను గానీ ఏం చెప్పాలో తోచలేదు. మంచి వార్తో చెడ్డ వార్తో నాకే తెలియదు.

"తాగుతున్నారా?" అంది అమ్మ.

"లేదు. నవ్వుతున్నాడు."

"ఏంటీ?"

"గ్రంథాలయంలో కూర్చుని నవ్వుతున్నాడమ్మా."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు. పుస్తకంతో."

అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె పొయ్యి ముందు కూలబడిపోయింది. తాగుతున్నాడన్నా అంత బాధపడేది కాదేమో. "ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడికి పోయి నవ్వుతున్నారా!" అని తనలో తాను అనుకుంది. ఆ రాత్రి నాన్నకు అన్నం పెట్టేటప్పుడు కంచం కొంచెం గట్టిగా కింద పెట్టింది. నాన్న తలెత్తలేదు.

నాకు మాత్రం ఒకటే పట్టుకుంది. ఆ పుస్తకంలో ఏముంది? మర్నాడు బడి వదలగానే నేరుగా గ్రంథాలయానికి పోయాను. అక్కడి పంతులుగారు, అంటే పుస్తకాలు చూసుకునే ఆయన, వరంగల్ వైపు నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. ఎప్పుడూ మఫ్లరు చుట్టుకుని దిగులుగా ఉండేవాడు.

"ఏం గావాలె బిడ్డా?"

"మా నాన్న చదివే పుస్తకం."

"అది మీ నాయిన తప్ప ఇంకొగరు ముట్టేటట్టు లేదు. పక్కకు దాపిచ్చిండు. ఇంద, గిది సదువు. గిది గూడ నవ్వుల పుస్తకమే."

"ఎంత ఇవ్వాలండీ?"

"ఏం ఇయ్యొద్దు. ఊకనే. సర్కారుది."

అది విని కొంచెం అనుమానం వేసింది. మా ఊళ్ళో సర్కారు ఊరికే ఇచ్చేది ఇంకొకటే, మలేరియా మాత్రలు. వాటి చేదు ఇప్పటికీ నాలుక మీదుంది.

ఆ పుస్తకం కూడా నాకు మింగుడుపడలేదు. అన్నీ పట్నం కథలు. ఒకదాంట్లో అద్దెకున్న మనిషి వచ్చి "ఇల్లు కురుస్తోందండీ" అంటాడు. ఇంటి యజమాని, "మీరిచ్చే అద్దెకు వాన కాక పన్నీరు కురుస్తుందా?" అంటాడు. దాని కింద పొట్ట పట్టుకుని నవ్వే మనిషి బొమ్మ వేశారు. నాకు బొమ్మ అర్థమైంది, మాట అర్థం కాలేదు. మా ఊళ్ళో ఇళ్ళన్నీ కురిసేవి. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, గిన్నెలు పెట్టేవాళ్ళు. అమ్మకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "మన వంటింటి మూల కూడా కురుస్తుంది. వానలు రాకముందే పెంకులు సర్దించమని మీ నాన్నకు చెప్పాలి" అంది.

అకాల వాన పడిన ఒక రోజు బళ్ళో మా మాస్టారి కుర్చీ మీద నీళ్ళు పడ్డాయి. ఆయన విసుక్కుంటూ లేచాడు. నాకు ఏం బుద్ధి పుట్టిందో, లేచి నిలబడి, "మేమిచ్చే ఫీజుకు వాన కాక పన్నీరు కురుస్తుందా సార్?" అన్నాను. తరగతిలో ఎవరూ కిక్కురుమనలేదు. మాస్టారు చెవి మెలిపెట్టి చూరు కింద నిలబెట్టాడు. జల్లుకు తడుస్తూ నిలబడితే, పక్క గదిలో ఆయన ఆ మాటే ఇంకో మాస్టారికి చెప్పి పగలబడి నవ్వడం వినిపించింది. మరి నన్నెందుకు నిలబెట్టాడు? ఎప్పుడు నవ్వాలో, ఎవరు నవ్వాలో చెప్పే పుస్తకం కూడా ఒకటి ఉంటే బాగుండుననిపించింది.

ఇంతలో గ్రంథాలయం పంతులుగారు నాన్నను బయటకు పంపించేశాడు. "గట్టిగ నవ్వేదుంటే అరుగు మీద కూసోని నవ్వుండ్రి. లోపట సదువుకునేటోళ్ళుంటరు" అన్నాడు. లోపల ఆయన తప్ప ఎవరూ లేరు. నాన్న పుస్తకం పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "మాక్కూడ సదివి జెప్పరాదుండ్రి, ఒక్కలే నవ్వుకుంటున్నరు" అన్నారు. అలా మొదలైంది. దర్జీ, టీ కొట్టు మనిషి, బీడీ ఆకు కట్టలు కొనే కల్లేదారు దగ్గర పనిచేసేవాళ్ళు, ఒక్కొక్కరే చేరారు. అడవిలోని గూడెం నుంచి అడ్డాకులు అమ్మడానికి వచ్చే ఒక అవ్వ, ఆకుల మోపు పక్కన పెట్టుకుని అందరికంటే ముందు కూర్చునేది. అందరికంటే ముందు నవ్వేది కూడా ఆమే. ఆమెకు తెలుగు అంతంతమాత్రం.

నేను గుట్టుగా ఆమె పక్కన చేరి అడిగాను. "అవ్వా, నీకు ఏం అర్థమై నవ్వావు?"

"నాకేం సమజ్ గాలే బిడ్డా" అంది, కొంగులోంచి నాలుగు తునికి పండ్లు తీసి నా చేతిలో పెడుతూ. "మీ అయ్య మొఖం జూస్తే నవ్వొస్తది."

నేనూ చూశాను. నాన్న ముఖం ఎర్రబడి, కళ్ళు చిన్నవై, ముక్కు ఉబ్బి ఉంది. సరిగ్గా తమ్ముణ్ణి తీసుకుపోయిన రోజు ఉన్నట్టే ఉంది. నాకు నవ్వు రాలేదు. పండ్లు తింటూ కూర్చున్నాను.

ఊళ్ళో ఇలాంటివి దాగవు. మిరపకాయలకు తొడిమలు తీయడానికి వచ్చిన పక్కింటామె ఒక సాయంత్రం అమ్మతో, "అక్కా, మీ ఆయన అరుగు మీద కూసోని కథలు సదివి అందర్ని నవ్విస్తుండంట గదా. మా ఆయన రోజు గాడికే పోతుండు" అంది. మంచిగానే అంది. అమ్మ చేతిలో ఉన్న కాయ తొడిమ తీసి బుట్టలో వేసి, లేచి చేతులు కడుక్కుంది. జుట్టు ముడి వేసుకుంది. "పద" అంది నాతో. అడవి మీద ఇంకా వెలుతురు ఉంది. తమ్ముడు పోయిన తర్వాత అమ్మ వీధిలోకి రావడం అదే మొదటిసారి.

మేము చేరేసరికి నాన్న ఒక కథ మధ్యలో ఉన్నాడు. కథలో ఒక మొహమాటస్తుడు చుట్టాలింటికి వెళతాడు. "భోంచేస్తారా?" అని అడిగితే, మర్యాదకు "ఇప్పుడే తిన్నానండీ" అంటాడు. ఆకలి దంచేస్తుంటుంది. వాళ్ళు మళ్ళీ అడుగుతారు, ఇతను మళ్ళీ అదే అంటాడు. లోపల తాలింపు ఘుమఘుమలు, బయట ఇతని కడుపులో కేకలు. ఆ తాలింపులో ఏమేం వేశారో నాన్న నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి, ఊరిస్తూ చదువుతుంటే జనం మోకాళ్ళు చరుచుకుంటున్నారు. దర్జీ అయితే గోడకు జారగిలబడిపోయాడు.

నాన్న పేజీ తిప్పబోతూ అమ్మను చూశాడు. చదవడం ఆపేశాడు. అందరూ వెనక్కి తిరిగారు.

"ఆపారేం? చదవండి" అంది అమ్మ.

నాన్న చదివాడు. చాలా నెమ్మదిగా, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా. ఎవరూ నవ్వలేదు. అవ్వ కూడా. అమ్మ నిలబడి, ఒక్క మాట వదలకుండా వింది. నాన్న మళ్ళీ ఆగినప్పుడు అడిగింది.

"ఇంతమంది నవ్వుతున్నది దీనికా? ఆ మనిషికి ఆకలేస్తోంది. నోరు తెరిచి అడగలేకపోతున్నాడు. ఇంటినిండా వండుకుని ఒక్కరూ పెట్టట్లేదు. ఇందులో నవ్వడానికేముంది?"

ఆమె నిజంగానే అడిగింది. తెలుసుకోవాలనే అడిగింది. కానీ దర్జీ ఫక్కున నవ్వాడు. ఆ వెంటనే అరుగంతా నవ్వింది. పంతులుగారు గుమ్మంలో నిలబడి మఫ్లరుతో మూతి కప్పుకున్నాడు. అమ్మ అందరి ముఖాలూ చూసింది. తనేం తప్పు మాట్లాడిందో ఆమెకు అర్థం కాలేదు.

నాన్న ఒక్కడే నవ్వలేదు. పుస్తకం మూసి, పంతులుగారి చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. చివరి రెండు రోజులూ తమ్ముడు అన్నం అడిగాడు. ఆవకాయ కలిపి అన్నం పెట్టమన్నాడు. సూదిమందు వేసే ఆయన పథ్యం అన్నాడు, గంజి తప్ప ఏమీ ఇవ్వొద్దన్నాడు. అమ్మ ఇవ్వలేదు. "తగ్గాక పెడతాలే కన్నా" అంటూ వచ్చింది. నాన్న పక్కనే ఉన్నాడు. ఆయనా పెట్టమనలేదు. మరి ఆ సంగతి తెలిసిన మనిషి, పుస్తకంలో ఇన్ని కథలుండగా, అన్నం దొరకని వాడి కథకే అంత నవ్వు ఎలా నవ్వాడు? ఇదే నాకు అంతుపట్టలేదు.

దారి పొడుగునా అమ్మ ముందు, నాన్న వెనక, మధ్యలో నేను. ఇంటికి వచ్చి అమ్మ పొయ్యి వెలిగించింది. కందిపప్పు వేయించిన వాసన చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో లేచింది. పీటలు వేసి పిలిచింది.

"నాకు ఆకలిగా లేదు" అన్నాడు నాన్న గడప దగ్గర్నుంచే.

"మీరూ మొహమాటపడుతున్నారా?" అంది అమ్మ.

నాన్న వచ్చి కూర్చున్నాడు. అమ్మ పప్పు వడ్డించి, నెయ్యి వేసి, తను కూడా ఎదురుగా కూర్చుంది. కాసేపయ్యాక నేల వైపు చూస్తూ అడిగింది.

"చివరికి ఆ మనిషి అన్నం తిన్నాడా లేదా?"

నాన్న ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాడు. "తిన్నాడు" అన్నాడు. "అందరూ పడుకున్నాక చీకట్లో తడుముకుంటూ వంటింట్లోకి పోయాడు. పోయి అన్నం గిన్నె మూత తీశాడు. ఇంకో చెయ్యి తగిలింది. దొంగనుకుని ఒకరినొకరు పట్టుకున్నారు. చూస్తే ఇంటాయనే. చుట్టం తినకుండా ఎలా తింటానని మొహమాటానికి ఆయనా పస్తున్నాడు."

అమ్మ వింటోంది.

"ఇక ఇద్దరూ అక్కడే కూర్చుని, అన్నం గిన్నె మధ్యలో పెట్టుకుని, చెంబు నీళ్ళలో చేతులు ముంచుకుని, అవే చేతులు ఆవకాయ జాడీలో పెట్టి..."

"తడి చేతులా?" అంది అమ్మ.

"ఆఁ?"

"తడి చేతులు జాడీలో పెట్టారా? ఏడాది పచ్చడి! బూజు పట్టిపోదూ? బుద్ధి ఉందా ఆ ఇద్దరికీ? ఒక గరిటె దొరకలేదా వాళ్ళకి?"

ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఎదురుగా ఆ ఇద్దరూ ఉన్నట్టే చెయ్యి ఊపింది. అమ్మ ఇంకేదో అనబోయి ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. నాన్న తల వంచుకున్నాడు. ఆయన భుజాలూ అదురుతున్నాయి. ఏదో చప్పుడు వచ్చింది, అణుచుకున్నా ఆగని చప్పుడు. అది పెద్దదైంది. ఇద్దరి కళ్ళ వెంటా నీళ్ళు కారుతున్నాయి. నేను సంతోషపడాలో, పక్కింటామెను పిలుచుకురావాలో తెలియక పీట మీద అలాగే ఉండిపోయాను.

మర్నాడు నాన్న గ్రంథాలయానికి వెళ్ళలేదు. నేను వెళ్ళి ఆ పుస్తకం అడిగాను. పంతులుగారు ఏమనుకున్నాడో, ఈసారి ఇచ్చాడు. నిలబడే ఆ కథ మొత్తం చదివాను. మొహమాటస్తుడు చివరికి చుట్టాలకు దండం పెట్టి రైలెక్కుతాడు. రైల్లో ఎవరో అరటిపండు ఇస్తే, అలవాటు కొద్దీ "ఇప్పుడే తిన్నానండీ" అంటాడు. అంతే. కథ అయిపోయింది. చీకట్లో వంటింట్లోకి పోవడం లేదు. అన్నం గిన్నె లేదు. ఆవకాయ జాడీ అసలే లేదు.

చేలోకి పరుగెత్తి, "నాన్నా, ఆ జాడీ సంగతి పుస్తకంలో లేదు" అన్నాను.

"ఉంటుంది. సరిగ్గా చూడు" అన్నాడు, కాయ కోస్తూ.

మళ్ళీ పోయి చూశాను. లేదు.

ఆ తర్వాత నాన్న పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అరుగు మీది జనం కొన్నాళ్ళు ఎదురుచూసి, మా వాకిట్లోకే వచ్చి కూర్చోసాగారు. అవ్వ ఆకుల మోపుతో సహా వచ్చేది. అమ్మ తొడిమలు తీస్తూ వినేది. అందరూ నవ్వే చోట నవ్వేది కాదు. "అయితే వాళ్ళ పిల్లల సంగతేంటి?", "ఆ ముసలాయన్ని ఇంటికెవరు చేర్చారు?" అని అడిగేది. నాన్న ఏదో ఒకటి చెప్పేవాడు. అతణ్ణి ఎవరో ఇంటికి చేర్చేవారు, పిల్లలకు ఎవరో పాలు పోసేవారు. అవేవీ పుస్తకాల్లో ఉండవని నాకు తెలుసు. రేడియో మీది గుడ్డ ఎప్పుడు తీసేశారో మాత్రం నేను గమనించలేదు.

కొన్ని పంటల తర్వాత ఆ ఊరు వదిలి ఖమ్మం దగ్గరికి వచ్చేశాం. ఆ గ్రంథాలయం ఇప్పుడు లేదని, ఆ స్థలంలో సిమెంటు కొట్టు పెట్టారని అటు వైపు వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పారు. నేను మళ్ళీ చూడలేదు.

నాన్న మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఆ రాత్రి భోజనాల దగ్గరి సంగతి అడిగాను. "ముందు మీ అమ్మే నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. నేనేం నవ్వలేదు, ఏడ్చాను" అన్నాడు. ఎందుకు అన్నం దొరకనివాడి కథే చదివావని కూడా అడిగాను. "నాకూ తెలియదమ్మా" అన్నాడు.

ఆయన పోయిన ఏడాదికి అమ్మను అడిగాను. ఆమె చేస్తున్న పని ఆపి ఆశ్చర్యంగా చూసింది.

"నేను నవ్వానా? ఎవరు చెప్పారే నీకు? పిల్లాడు ఆవకాయ అడిగింది గుర్తొచ్చి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నవ్వింది మీ నాన్న. ఆయన మీద ఆ రోజు ఎంత కోపం వచ్చిందనీ!"

నేను వాళ్ళిద్దరి మధ్యే కూర్చుని ఉన్నాను. దీపం వెలుగులో ఇద్దరి ముఖాలూ చూశాను. ఎవరిని నమ్మాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కానీ ఇద్దరిలో ఎవరో ఒకరు నవ్వారు. అది నేను విన్నాను.